ఎవరింటి ముందు వాళ్లే వేసుకుంటే అది ఫుట్‌పాత్ అవుతుందా? పురపాలక మంత్రి గారికి కర్నూలు నుంచి ఒక లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మకు 71 ఏళ్లు. మా ఇంటి నుంచి సీ క్యాంప్ రైతు బజార్‌కు నడిచే పోవచ్చు. పోయిన వానాకాలంలో ఒక పొద్దున కూరగాయలకు పోతూ కాలువ మీద వేసిన నాపబండ మీద కాలు పెట్టింది. బండ తిరగబడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఇప్పుడు సంచి ఎడమ చేత్తో పట్టుకుని రోడ్డు మీదనే నడుస్తుంది. పక్కకు రామ్మా అంటే, “బండ్లోళ్లు మనల్ని చూసి తప్పుకుంటారు నాయనా, బండలు తప్పుకోవు కదా” అంటుంది.

ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదండీ. ఆ బండ వేయించింది ఆ ఇంటాయనే. కాలువ తెరిచి ఉంటే పిల్లలు పడతారని సొంత డబ్బు పెట్టి వేయించాడు. మా వీధి అంతా అలాగే తయారైంది. ఒకరు బేతంచెర్ల బండ వేశారు, ఒకరు సిమెంటు పలక పోశారు, ఇంకొకరు నున్నటి టైల్స్ అతికించారు, వాన పడితే దాని మీద కాలు నిలవదు. 2009 అక్టోబరు వరద చూసిన వాళ్లు కొత్త ఇల్లు కట్టేటప్పుడు మట్టం ఎత్తు చేసుకున్నారు, స్కూటర్ ఎక్కడానికి ర్యాంపు రోడ్డు దాకా దించారు. మధ్యలో రెండు ఖాళీ స్థలాలు, అక్కడ ఏమీ లేదు, కంపచెట్లు, తెరిచిన కాలువ. మెయిన్ రోడ్డు దాకా 14 ఇళ్లు. ఒకరోజు అమ్మ వెనకే నడిచి లెక్కపెట్టాను: రోడ్డు పక్కనే నడవాలంటే 11 సార్లు ఎక్కి దిగాలి.

ఇళ్ల వాళ్లంతా ఖర్చు పెట్టారు. ఆ డబ్బంతా కలిపితే వీధి పొడవునా ఒకే మట్టంలో ఫుట్‌పాత్ వచ్చేదేమో. ఎవరి ముక్క వాళ్లు కట్టుకోవడం వల్ల ముక్కలే మిగిలాయి. దేశంలో రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నివాస ప్రాంతాల్లో కూడా అడ్డం లేకుండా 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఆ కొలత ఏ ఇంటాయన ఒక్కడే పాటించగలడు?

ఈ పద్ధతితో ఇబ్బంది పడింది మనమొక్కరమే కాదు. మా మేనల్లుడు అమెరికాలోని డెన్వర్‌లో ఉంటాడు. అక్కడ కూడా ఇంటి ముందు ఫుట్‌పాత్ బాగుచేసుకునే బాధ్యత ఇంతకుముందు ఇంటి యజమానిదే. పగిలినవి పగిలినట్టే, లేనివి లేనట్టే ఉండిపోయాయి. 2022 నవంబరులో జనం ఓటు వేసి ఆ బాధ్యత నగరానికి అప్పజెప్పారు. 2025 నుంచి ఎక్కువ ఇళ్లకు ఏడాదికి 150 డాలర్ల రుసుము, పని మాత్రం నగరమే చేయించాలి. మా దగ్గర కొత్త రుసుము వేయమని నేను అడగడం లేదు. మా జనం ఇప్పటికే కడుతున్నారు.

2021 నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీద వేస్తున్నారు. ఏటా 15 శాతానికి మించకుండా అన్నారు కానీ పెరుగుతూనే ఉంది. ఖాళీ స్థలాలకు పన్ను వేరే. ప్లాన్ అప్రూవల్‌కు పోతే డెవలప్‌మెంట్ చార్జీలు. లేఔట్ క్రమబద్ధీకరణకు మళ్లీ డబ్బు. వీటికి తోడు 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంట్లు. పది లక్షల లోపు జనాభా ఉన్న మా లాంటి నగరాలకు అందులో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. అది న్యాయమే, మా కాలనీకి నీళ్లు కూడా కావాలి. మిగతా 40 శాతం జీతాలకు తప్ప స్థానిక అవసరం చూసి వాడుకోవచ్చన్నారు. అందులో నడిచేవాళ్ల వంతు ఎంత? మేం చూసినంతలో సీసీ రోడ్డుకు ఎస్టిమేట్ వేస్తారు, కాలువకు వేస్తారు. ఫుట్‌పాత్ మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడే కనబడుతుంది, కాలనీలోకి రాదు. రోడ్డు పోసే రోజే కాలువ మీద ఒకే మట్టంలో పలకలు పోయిస్తే అదే ఫుట్‌పాత్ అవుతుంది. మళ్లీ వచ్చి తవ్వే పని ఉండదు.

చెన్నై కార్పొరేషన్ 2014లోనే రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడిచేవాళ్లకు, సైకిళ్లకు పెట్టాలని విధానం చేసుకుంది. అంత అడగను. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, రాష్ట్రాలను మార్గదర్శకాలు చేయమంది. హక్కు అన్నాక దానికి బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి కదండీ.

నేను కోరేది ఇదీ. మున్సిపాలిటీల బడ్జెట్‌లలో కాలనీ ఫుట్‌పాత్‌లకు విడిగా ఒక పద్దు పెట్టించండి. ఖాళీ స్థలాల పన్ను, క్రమబద్ధీకరణ డబ్బు ఏ కాలనీ నుంచి ఎంత వచ్చిందో, అక్కడ ఎంత ఖర్చయిందో వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. కొత్త సీసీ రోడ్డు ఎస్టిమేట్‌లో పలకలు లేకపోతే మంజూరు ఇవ్వొద్దని ఉత్తర్వు ఇవ్వండి. ముందు బడులు, ఆసుపత్రులు, రైతు బజార్లు ఉన్న వీధులు తీసుకోండి.

వచ్చే బడ్జెట్‌లో ఆ పద్దు కనబడితే చాలు. మా వీధి పేరు మొదటి ఏడాది లేకపోయినా మా వంతు వచ్చేదాకా ఆగుతాం. అందాకా పొద్దున అమ్మతో పాటు రైతు బజార్‌కు నేనే పోతున్నాను.

ఇట్లు,
కర్నూలులో ఆస్తి పన్ను కడుతున్న ఒక పౌరుడు