రిజిస్ట్రేషన్ కాదు, ఎన్‌రోల్‌మెంట్

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ ఎన్‌రోల్‌మెంట్ తేదీ వచ్చిందని ఫోన్‌లో చెప్పావు కదా, ఆ మరునాడే నా పరువు కొంచెం పోయింది. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే మనకు తెలిసిన పెద్ద వకీలు సాబ్ కనిపించాడు. సంతోషం ఆగక, "వచ్చే వారం మా బిడ్డకు అడ్వకేట్‌గా రిజిస్ట్రేషన్ సార్" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "నీ బిడ్డ ఏమన్నా ఓపెన్ ప్లాటా, రిజిస్ట్రేషన్ చేయనీకె? ఎన్‌రోల్‌మెంట్ అనాలె" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. ముప్పై ఏళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చొని దస్తావేజులు రాసేవాణ్ని, నా నోటికి ఇంకో మాట ఎట్లా వస్తుంది? అయినా మనసు ఊరుకోలేదు. ఇంటికొచ్చి అటక మీది నీ పాత డిక్షనరీ దించాను.

చూస్తే ఎన్‌రోల్‌లో ఉన్నది మనకు తెలిసిన 'రోల్' మాటే. బడిలో రోల్ నంబర్, కూలి పనుల దగ్గర మస్టర్ రోల్. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాటట, రోల్ అంటే చుట్ట. ఇంగ్లాండులో ఒకప్పుడు కోర్టు రికార్డులు తోలు మీద రాసి చుట్టలుగా చుట్టి దాచేవాళ్లు. ఆ చుట్టలోకి పేరు ఎక్కించడమే ఎన్‌రోల్. ఇప్పటికీ అక్కడ ఒక పెద్ద జడ్జిని మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అంటారు.

మన చిక్కంతా నమోదు అనే మాటతో వచ్చింది. జనన నమోదు, కేసు నమోదు, ఓటరు నమోదు, అన్నింటికీ అదొక్కటే. ఇంగ్లిషులో అట్లా కుదరదు. భూమి, పెళ్లి, బండి, కంపెనీ, ఇవన్నీ రిజిస్టర్ అవుతాయి కానీ ఎన్‌రోల్ కావు. ఎన్‌రోల్ అయ్యేది మనిషి. కాలేజీలోనో కోర్సులోనో పట్టాళంలోనో చేరి, పదిమంది పేర్ల మధ్య తన పేరూ రాయించుకునే మనిషి. అట్లని గీత గీసినట్టు ఏమీ లేదులే. డాక్టర్లూ మనుషులే, వాళ్లు మాత్రం రిజిస్టర్ అవుతారు. వకీళ్లు ఎన్‌రోల్ అవుతారు. ఎందుకో వకీలు సాబ్‌నే అడగాలి, మళ్లీ నవ్వినా సరే.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. బ్రిటిష్ పద్ధతిలో చివర ఒకే ఎల్, అమెరికా పద్ధతిలో రెండు. ఎన్‌రోల్డ్, ఎన్‌రోలింగ్ అన్నప్పుడు మాత్రం ఇద్దరూ రెండు ఎల్‌లే రాస్తారు. మన 1961 అడ్వకేట్స్ చట్టంలో ఎన్‌రోల్‌మెంట్‌కు ఒకే ఎల్ ఉంది. నువ్వూ దరఖాస్తులో అదే రాయి.

నా ఎన్‌రోల్‌మెంట్ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ తాత నన్ను భుజం మీద ఎక్కించుకొని ఊరి బడికి తీసుకుపోయాడు. సారు నా కుడి చెయ్యి తల మీది నుంచి తిప్పి ఎడమ చెవి పట్టుకొమ్మన్నాడు. అందింది. అందితే ఆరేళ్లు నిండినట్టు. పుట్టిన తేదీ అడిగితే మీ తాత బతుకమ్మ పండుగ ముందు అన్నాడు, సారు జూన్ ఒకటి అని రాసుకున్నాడు. ఇప్పటికీ ప్రతి కాగితంలో నేను ఎండాకాలంలోనే పుడుతున్నాను. ఆ సారు మీద నాకు కోపం లేదు కానీ, ఒక్క నిమిషం ఆగి ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

నేను రాసిన సేల్‌డీడ్ 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ అయితే నంబరు పడుతుంది, ఒకటో పుస్తకంలోకి ఎక్కుతుంది, అమ్మినవాడూ కొన్నవాడూ ఎవరింటికి వాళ్లు పోతారు. నీది అట్లా కాదు. వకీళ్ల సంస్థ బార్ కౌన్సిల్ రోల్‌లో పేరు ఎక్కినా, ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి. తప్పుడు పని చేస్తే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద పిలిచి మందలించొచ్చు, రోల్ నుంచి పేరు కొట్టేయనూ వచ్చు. అమ్మకం కాగితాన్ని అట్లా ఎవరూ పిలిచి మందలించరు.

ఫీజు గురించి నీ స్నేహితురాలు భయపెట్టిందని అన్నావు. చట్టంలో ఉన్నది మొత్తం 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. అంతకన్నా ఎక్కువ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోవద్దని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కువ అడిగితే రసీదు అడుగు, టెన్షన్ పడకు.

ఒక్క పని మాత్రం మరిచిపోకు. పదో తరగతి మెమో, ఆధార్, డిగ్రీ పట్టా మూడూ పక్కపక్కన పెట్టుకొని ఇంటిపేరు అక్షరం అక్షరం సరిచూడు. ఆధార్‌లో మనకు ఒక హెచ్ ఎక్కువ పడిందని మీ అమ్మ ఎప్పటి నుంచో అంటోంది. భూమి కాగితంలో తప్పు పడితే సవరణ దస్తావేజు నేనే రాసిస్తాను, ఒక్క పూట పని. వకీళ్ల రోల్‌లో పడిన తప్పును దిద్దడం నా చేతిలో లేదు.

మీ నాయిన