చిత్తూరు అన్నకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

మా తమ్ముడు అంటార్కిటికాలో మన దేశ పరిశోధన కేంద్రమైన మైత్రి స్టేషన్‌కు డ్యూటీ మీద వెళ్తున్నాడని తెలియగానే తిరుపతిలో మా ఇంట్లో ఒకటే టెన్షన్. అమ్మకైతే నిద్ర లేదు. గతంలో అక్కడ చలికాలమంతా గడిపివచ్చిన ఒకాయన చిత్తూరులో ఉన్నారని తెలిసి ఫోన్ చేశాం. రెండు ముక్కలు చెబుతారేమో అనుకుంటే, మర్నాడే బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

వచ్చీ రాగానే నేల మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్ అడిగి, తమ్ముడి బ్యాగు వెల్‌క్రోలో ఇరుక్కున్న గడ్డి గింజలన్నీ ఓపిగ్గా ఏరేశారు. బయటి మొక్కలు, విత్తనాలు అక్కడికి చేరకూడదని అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందంలోనే ఉందట. అమ్మ చేసిన చనక్కాయల పొడిని చిన్న చిన్న ప్యాకెట్లు కట్టించారు. "గదిలో ఒక్కడివే తినొద్దు నాయనా, ఆదివారం అందరి ముందూ పెట్టు. కొత్త బెరుకు అక్కడే పోతుంది" అన్నారు. నిద్ర పట్టకపోతే దాచుకోకుండా డాక్టరుకు చెప్పమన్నారు.

తర్వాత వంటింటి క్యాలెండర్‌లో జూన్ నెల చుట్టూ పెన్నుతో గీత గీసి, "ఈ నెలంతా అక్కడ సూర్యుడు రాడమ్మా. పిల్లోడు ఫోన్లో ముభావంగా మాట్లాడినా బెంగపడొద్దు, వెలుతురొస్తే సర్దుకుంటాడు" అని చెప్పారు. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది.

తమ్ముడు అక్కడ అందరితో కలిసిపోయాడు. పొడి ఇంకా ఉందా అని వంటాయన అడుగుతున్నాడట. అన్నా, బస్సు ఛార్జీలు కూడా తీసుకోకుండా వెళ్లారు. ఈసారి తిరుపతి వస్తే మా ఇంట్లో భోంచేసే వెళ్లాలి, అమ్మ గట్టిగా చెప్పమంది.