లోను ఎందుకు రాదో రాసివ్వండి

సంపాదకుడు గారికి,

మాది అనంతపురం పాతూరు. మా తమ్ముడు టైలరింగ్ షాపులో ఇంకో రెండు మెషిన్లు వేద్దామని పోయిన నెల బ్యాంకుకు వెళ్తే తోడుగా నేనూ వెళ్లాను. షాపు అద్దె రశీదులు, రెండేళ్ల పాస్‌బుక్, కరెంటు బిల్లులు అన్నీ ప్లాస్టిక్ కవర్లో సర్దుకుని పోయాం, ఆ కవరు విప్పమని కూడా అడగలేదు. పాన్ నంబరు కొట్టి చూసి 'సిబిల్ తక్కువుంది, రాదు' అన్నారు. సిబిల్ అంటే, పాత అప్పులు ఎలా కట్టామో చూసి వేసే స్కోరు. ఎందుకు తక్కువని అడిగితే, సిస్టమ్‌లో అలాగే ఉందన్నారు.

ఇంటికొచ్చి ఆ సిబిల్ రిపోర్టు తీసి చూస్తే, నాలుగేళ్ల కిందట తీర్చేసిన బండి లోను మీద 590 రూపాయలు బాకీ! ఏదో బౌన్స్ చార్జీ అట. బాకీ లేదని అదే ఫైనాన్స్ వాళ్లు ఇచ్చిన ఎన్ఓసీ మా బీరువాలో ఉంది.

ఈ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పులిచ్చినవాళ్లు పంపే లెక్కల్ని బట్టి సిబిల్ లాంటి నాలుగు కంపెనీలు దాన్ని లెక్కగడతాయి. మా తమ్ముడు పదేళ్లుగా ఒక్క నెల కూడా అద్దె ఆపలేదు, వీధిలో వేసిన చీటీకి ఒక్క కంతు తప్పలేదు, అవేవీ అందులో ఎక్కవు. అదే ఎవరికో జామీను సంతకం పెడితే మాత్రం, వాళ్లు కట్టని కంతులు మన రిపోర్టులోకి వస్తాయి. ఇదెక్కడి న్యాయం?

రిజర్వు బ్యాంకు నిబంధనలు మంచివే ఉన్నాయి. ఒక్కో కంపెనీ ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, లేదంటే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇంతవరకు అప్పే చేయనివాళ్లను పాత లెక్క లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదు కూడా. ఈ ముక్క కౌంటర్ దగ్గర మాకెవరూ చెప్పలేదు, మా వీధిలో ఎవరికీ తెలీదు. బ్యాంకులో పుట్టని అప్పు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి పుడుతుందని మాత్రం అందరికీ తెలుసు.

లోను రాదన్నప్పుడు ఎందుకు రాదో, ఏ ఖాతా వల్ల స్కోరు తగ్గిందో తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి. కలెక్టర్ గారు జరిపే బ్యాంకర్ల సమావేశంలో ఈ మాట ఎత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మరదలి గాజులు తాకట్టు పెట్టి మా తమ్ముడు ప్రస్తుతానికి ఒక మెషిన్ తెచ్చుకున్నాడు. ఫిర్యాదు పెట్టి ఈరోజుకు 19 రోజులైంది, ఆ 590 రూపాయలు రిపోర్టులో ఇంకా అలాగే ఉన్నాయి.

– ఒక పాఠకుడు, పాతూరు, అనంతపురం