ముందు మీ మెయిల్ ఎక్కడుందో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

టెక్నాలజీ పేజీ అనగానే మీతో సహా అన్ని పత్రికలూ కొత్త ఫోన్ల గురించే రాస్తాయి గానీ, ఇన్ని కోట్ల మంది రోజూ తెరిచే ఈమెయిల్‌ను ఎవరూ పట్టించుకోరు. ఫోను, ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్ మూడింట్లోనూ ఒకే మెయిల్ చూసుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: బ్రౌజర్లో తెరిచి చూసుకుంటే చాలా, లేక థండర్‌బర్డ్, ఔట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రాం పెట్టుకోవాలా అని. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. అసలు మీ మెయిల్స్ ఉన్నది సర్వర్లోనా (అంటే మెయిల్ ఇచ్చే కంపెనీ కంప్యూటర్లోనా), మీ కంప్యూటర్లోనా?

ఒక చిన్న ఆఫీసులో జరిగింది చెప్తాను. అక్కడ మెయిల్ ప్రోగ్రాంను ఎవరో పాప్ (POP) అనే పద్ధతిలో సెట్ చేసి వెళ్లారు. వచ్చిన మెయిల్ వచ్చినట్టు ఆ ఒక్క కంప్యూటర్లోకి దిగిపోయి సర్వర్లో చెరిగిపోయేది, మేనేజర్ బయటి నుంచి ఫోన్లో చూస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. సర్వర్లో కాపీ ఉంచమని టిక్ పెట్టాక మెయిల్స్ ఫోన్లో కనిపించాయి గానీ, ఆఫీసులో చదివేసినవి కూడా ఫోన్లో చదవనట్టే ఉండేవి, ఆఫీసు నుంచి పంపిన జవాబులు ఫోన్లో సెంట్ ఫోల్డర్లో ఉండేవే కావు, దాంతో ఒకే కస్టమర్‌కి ఇద్దరూ రెండు వేరువేరు రేట్లు పంపారు. పాప్ తప్పేం కాదులెండి, ఒకరికి ఒకే కంప్యూటర్ ఉన్న 1980ల్లో పుట్టిన పద్ధతి అది. ఐమ్యాప్ (IMAP) అనే ఇంకో పద్ధతి కూడా అప్పటిదే, 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశాడు, కాకపోతే దాన్లో మెయిల్ సర్వర్లోనే ఉంటుంది, ఎక్కడ చదివినా, జవాబిచ్చినా, ఫోల్డర్ మార్చినా అన్నిచోట్లా అదే కనిపిస్తుంది.

ఐమ్యాప్ ఉందంటే బ్రౌజరా ప్రోగ్రామా అన్న గొడవ సగం తీరినట్టే. వేరేవాళ్ల కంప్యూటర్లో ఒక్కసారి చూసుకోవాలంటే బ్రౌజరే నయం, పని కాగానే లాగౌట్ చేయాలంతే. నాలుగు ఖాతాలు ఒకేచోట చూసుకోవాలన్నా, నెట్ లేనప్పుడు పాత మెయిల్ వెతకాలన్నా ప్రోగ్రామే సులువు.

అయితే ఐమ్యాప్‌ని బ్యాకప్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు టెన్షన్ అక్కడే. ఫోన్లో వేలు జారి ఒక ఫోల్డర్ డిలీట్ అయితే ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. అన్నిటినీ ఒకేలా ఉంచడమే దాని పని మరి! 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా 1 జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు, అప్పట్నుంచీ మెయిల్స్ చెరిపే అలవాటే పోయింది మనకి. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫొటోలు, డ్రైవ్ ఫైళ్లు కూడా కలిసే ఉంటాయి, వీడియోలతో అది నిండిపోతే చివరికి మెయిల్స్ రావడం ఆగిపోతుంది. రెండేళ్లపాటు అసలు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాను తీసేయొచ్చని గూగుల్ నియమాల్లోనే ఉంది.

అందుకే ఫోన్లో యాప్, బయట బ్రౌజర్, ఇంట్లో ఒక్క కంప్యూటర్లో మాత్రం మెయిల్ ప్రోగ్రాం పెట్టుకోమంటాను. థండర్‌బర్డ్‌లో ఎడమవైపు లోకల్ ఫోల్డర్స్ అని ఉంటుంది, ముఖ్యమైన మెయిల్స్ అక్కడికి కాపీ చేసుకుంటే అవి సర్వర్లో పోయినా మీ దగ్గర ఉంటాయి. కాపీయే చేయాలి, మూవ్ కొడితే సర్వర్లోంచి పోతాయి, మళ్లీ పాప్ కథే. ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోతే ఆ కాపీ కూడా పోతుంది కాబట్టి ఆ ఫోల్డర్‌ని అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.

మెయిల్ ప్రోగ్రాం సెట్ చేసేటప్పుడు సర్వర్ పేరుతో పాటు కనిపించే పోర్ట్ నంబర్ చూస్తే చాలు, 993 ఉంటే ఐమ్యాప్, 995 ఉంటే పాప్. జీమెయిల్ ఖాతా కలిపేటప్పుడు గూగుల్ సైన్‌ఇన్ పేజీ తెరుచుకుంటే కంగారు పడక్కర్లేదు, మామూలు పాస్‌వర్డ్ ఒక్కటే ఇస్తే ఇప్పుడు ఒప్పుకోదు.

మెయిల్ సర్వీసు అమ్మే కంపెనీలు కొన్ని ఇప్పటికీ తమ సెటప్ సూచనల్లో పాప్‌నే ముందు రాస్తున్నాయి, ఐమ్యాప్ ఎక్కడో కింద ఉంటుంది. కస్టమర్ల మెయిల్స్ దిగిపోయి సర్వర్లో చోటు మిగలడం వాళ్లకి లాభమేమో గానీ, ఆ వరుస మార్చమని మీ పత్రిక గట్టిగా అడగాలి.

ఇట్లు,
మీ పాఠకుడు