నడుం నొప్పికి కండరాల సడలింపు

అందరికీ నమస్కారం. మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పికి ధ్యానం, యోగా, తాయ్‌చీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం), కండరాల సడలింపు లాంటివి మందుల కంటే ముందే చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2017లో సూచించింది. వీటిలో ఈ రాత్రే పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగేది సడలింపు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. పాదాలు, పిక్కలు, తొడలు, చేతులు, భుజాలు, చివరికి ముఖం. ఒక్కో భాగాన్నీ 5 సెకన్లు బిగించి, 20–30 సెకన్లు వదిలేయాలి. ఆ వదిలేసే సమయమే అసలు వైద్యం. బిగువుకీ సడలింపుకీ తేడా ఒంటికి తెలిసేది అప్పుడే. చాలామంది అక్కడే తొందరపడి పై భాగానికి వెళ్లిపోతారు.

సగం బలంతో బిగిస్తే చాలు. పాదం కిందికి వంచి గట్టిగా బిగిస్తే పిక్క పట్టేస్తుంది, అందుకని కాలివేళ్లను మీ వైపు లాక్కోండి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. నొప్పి ఉన్నచోట అసలు బిగించకండి, దాటి వెళ్లండి.

నొప్పి ముదిరిన రోజున మాత్రమే చేస్తే పట్టు చిక్కదు. రోజూ 15 నిమిషాలు, కొన్ని వారాలు చేయాలి. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. తీవ్రత తగ్గి, నిద్ర పట్టి, పనులు చేసుకోగలిగితే అది మంచి ఫలితమే.

డాక్టరును అడక్కుండా మందులు ఆపొద్దు. కాళ్లు మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.