ఆజానుబాహువుల బార కొలవండి

సంపాదకులకు నమస్కారం.

బళ్లలో ఆటల జట్లను ఎంపిక చేసే పీఈటీ మాస్టార్లకూ, ఆరోగ్యశాఖ వారికీ ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

మా అబ్బాయికి 14 ఏళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చేతులు మరీ పొడుగు. మా అమ్మ 'నా మనవడు ఆజానుబాహువు' అని మురిసిపోతూ దిష్టి తీసేది. వాలీబాల్ జట్టులోకి తీసుకుంటే అందరం సంబరపడ్డాం. కళ్లజోడు పవర్ తరచూ మారుతోందని తీసుకెళ్తే, కంటి డాక్టరు లోపలి కటకం పక్కకు జారిందని చెప్పి, గుండెకు ఎకో తీయించమన్నారు. కంటికీ గుండెకూ ఏం సంబంధమో మాకు అంతుబట్టలేదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని మొదట్లోనే ఉబ్బి ఉందని ఎకోలో తేలింది. జబ్బు పేరు మార్ఫన్ సిండ్రోమ్.

ఫైబ్రిలిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యులోపమిది. కంటి కటకాన్ని పట్టి ఉంచేదీ, ధమని గోడకు సాగే గుణాన్నిచ్చేదీ ఆ ప్రోటీన్ పీచే. చేతులు మరీ పొడుగ్గా పెరగడమూ ఈ లోపం వల్లే. సుమారు 5000 మందిలో ఒకరికి వస్తుంది. మా ఇంటా వంటా లేదు. నలుగురిలో ఒకరికి ఇలా కొత్తగానే వస్తుందట. ఉబ్బిన ధమని చీలితే ప్రాణం మీదికొస్తుంది. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా వాలీబాల్ జట్టులోని ఫ్లో హైమన్, 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా కుప్పకూలి చనిపోయింది. ఆమెకూ ఇదే జబ్బని పోయాక గానీ తెలియలేదు.

ముందే తెలిస్తే మాత్రలున్నాయి, అవసరమైతే వేళకు ఆపరేషన్ ఉంది. మావాడు ఇప్పుడు బరువులెత్తడు, వాలీబాల్ ఆడడు. 'చూడ్డానికి బాగానే ఉన్నాడుగా, బద్ధకం' అని ఒక మాస్టారు అన్నారట. ఆ మాటకే వాడు ఎక్కువ బాధపడ్డాడు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు బళ్లకు వెళ్లి పిల్లల ఎత్తు, బరువు చూస్తున్నాయి. రెండు చేతులూ చాపించి బార కూడా కొలిస్తే ఇంకో నిమిషం పడుతుందేమో. బార ఎత్తును బాగా మించి, చూపు కూడా సరిగా లేకపోతే ఎకోకు పంపాలి. పొడుగు చేతులున్న ప్రతివాడికీ జబ్బుందని కాదు, కంగారు పడనక్కర్లేదు. ప్రైవేటు బళ్లకు ఈ బృందాలు రావు. మావాడు చదివేది అక్కడే. కనీసం జట్టులోకి తీసుకునే ముందైనా మాస్టార్లు టేపు పట్టాలి.

మావాడి ఎత్తు 178 సెంటీమీటర్లు, బార 191. ఎకో రిపోర్టు వచ్చిన సాయంత్రం, వాళ్లమ్మ కుట్టుమిషను టేపుతో నేనే కొలిచాను.

— ఒక తండ్రి, తెనాలి