వాఖావ్ నడక ప్యాకేజీ: లేని వంతెన, తప్పుల రూట్ బుక్‌పై ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

నమస్కారం.

ఆస్ట్రియాలో డాన్యూబ్ నది వెంట వాఖావ్ లోయలో ‘ద్రాక్షతోటలు, పాత కోటల మధ్య నడక’ అని మీరు అమ్మిన ప్యాకేజీని సెప్టెంబరులో మేం ముగ్గురం తీసుకున్నాం. నేను, మా ఆయన, మా అత్తయ్యగారు. గైడ్ ఉండరు, దారి రూట్ బుక్ చూపిస్తుంది. సామాను మీ బండి ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి చేరుస్తుంది. ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్‌లో 24 గంటలూ మనిషి దొరుకుతారు. ఇదీ మీరిచ్చిన మాట. సామాను ప్రతిచోటా మాకంటే ముందే చేరింది, ఆ డ్రైవరు మీద నాకే ఫిర్యాదూ లేదు. మిగతా రెండింటి గురించే ఈ ఉత్తరం.

తిరిగి రాగానే నేను ఈమెయిల్ పెడితే మీ సిబ్బంది నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది: ‘నడక దారుల్లో పరిస్థితులు మారుతూ ఉంటాయి. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.’ వానకి దారి కొట్టుకుపోయిందంటే ఈ జవాబుతో సరిపెట్టుకునేదాన్ని. మేం ఇబ్బంది పడ్డ వాటిలో నిన్నామొన్నా మారినది ఒక్కటీ లేదు.

వంతెన సంగతే తీసుకోండి. ‘స్పిట్జ్ చేరాక వంతెన దాటితే అవతలి ఒడ్డునే మీ హోటల్’ అని రాశారు. స్పిట్జ్‌లో వంతెన లేదు. ఎగువన మెల్క్ దగ్గర ఒకటి ఉంది, దిగువన క్రెమ్స్‌కీ మౌటర్న్‌కీ మధ్య ఉంది. ఈ రెండు చోట్లకూ నడుమ, అంటే వాఖావ్ పొడవునా, డాన్యూబ్ మీద ఎక్కడా వంతెన లేదు. స్పిట్జ్ నుంచి అవతలి అర్న్స్‌డార్ఫ్‌కి ఉన్నది బల్లకట్టు. నదికి అడ్డంగా కట్టిన తీగ ఆధారంగా, ఇంజను లేకుండా నీటి వాలుకే నడుస్తుంది. ముచ్చటైన ఏర్పాటే, కానీ దానికో వేళ ఉంటుంది. మేం రేవుకి దిగేసరికి ఇటువైపు గొలుసు వేసేశారు, బల్లకట్టు అవతలి గట్టున కట్టేసి ఉంది. ఎదురుగా మా హోటల్ దీపాలు కనిపిస్తున్నాయి. మా అత్తయ్యగారు నదిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ‘ఏదమ్మా మీ వంతెన?’ అన్నారు. నేనేం చెప్పను?

మీ 24 గంటల నంబరుకి చేశాం. ఆఫీసు వేళల్లో చేయమని రికార్డింగ్ పలికింది. మళ్ళీ చేశాం, అదే రికార్డింగ్. చివరికి రేవు పక్క ఇంటావిడ మా అవస్థ చూసి టాక్సీ పిలిచి పెట్టింది. అది మౌటర్న్ వంతెన దాకా కిందికి వెళ్ళి, అవతలి గట్టు వెంట మళ్ళీ పైకి రావాల్సి వచ్చింది. మేం అలసిపోయాం, అంతే. కొండ మీద కాలు విరిగినవాళ్ళయితే ఏం చేస్తారు? ఆస్ట్రియాలో కొండ రక్షణ దళం నంబరు 140. యూరప్‌లో ఎక్కడున్నా 112కి చేయొచ్చు. ఈ రెండూ మీ రూట్ బుక్‌లో వెతికినా దొరకలేదు. హోటళ్ళలో వైఫై పాస్‌వర్డులకి మాత్రం ఒక పేజీ కేటాయించారు.

ఇక డ్యూర్న్‌స్టైన్ కోట. ‘ఊళ్ళోంచి చదునైన బాట, మోకాళ్ళ నొప్పులున్నవారికీ అనువు’ అన్న మీ వాక్యం చూసే అత్తయ్యగారిని వెంట తీసుకెళ్ళాం. ఆ బాట మొదటి మలుపు నుంచే నిట్టనిలువుగా ఎక్కుతుంది. అరిగిన రాతిమెట్లు, వాటి మధ్య కాలు జారే గులకరాళ్ళు. ఆవిడ సగం దారిలో పిట్టగోడ మీద కూర్చుండిపోయారు. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192 చివర్లో పట్టుకుని ఆస్ట్రియా డ్యూక్ ఐదో లియోపోల్డ్ బంధించి ఉంచింది ఈ కోటలోనే. చేతికి చిక్కిన రాజుని దాచాలనుకున్నవాడు చదును నేల మీద దాస్తాడా? ఇది తెలియడానికి ఆ ఊరు వెళ్ళక్కర్లేదు కూడా. కోటని నెపోలియన్ సైన్యం కూల్చిందని అదే పేజీలో రాశారు. 1805లో ఫ్రెంచివాళ్ళు ఆ ఊరి దగ్గర యుద్ధం చేసిన మాట నిజమే గానీ, కోటను 1645లోనే స్వీడన్ సైన్యం పాడుపెట్టింది. చరిత్ర తప్పుకి నేను డబ్బు అడగను. ఆ పేజీ రాసిన మనిషి అక్కడ అడుగు పెట్టలేదనడానికి మాత్రం దాన్ని సాక్ష్యంగా చూపిస్తున్నాను.

అన్నిటికంటే నాకు కష్టంగా అనిపించింది వైసెన్‌కిర్షెన్ దాటాక మీరు చూపిన ‘అడ్డదారి’. వెల్ట్‌ఎర్బెస్టైగ్ అని ఆ లోయకి రెండు వైపులా 180 కిలోమీటర్ల నడక దారి ఉంది, 14 భాగాలుగా. గుర్తులు వేసి ఉన్నాయి, వాటిని చూసుకుంటూ పోతే చాలు. ‘మా కస్టమర్లకు మాత్రమే తెలిసిన దారి’ అని గొప్ప చెప్పుకోవడానికి మీరు మమ్మల్ని దాని మీంచి దింపి ద్రాక్షతోటల గట్లలోకి పంపారు. అవి రైతులు సిమెంటు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన గోడలు. గోడలోంచి పొడుచుకొచ్చిన బండలే మెట్లు, అవి పనివాళ్ళ కోసం. ఆ వాలులో యంత్రం నిలవదు కాబట్టి గుత్తులన్నీ చేత్తోనే కోస్తారు. మేం వెళ్ళింది సరిగ్గా కోత రోజుల్లో.

కోస్తున్న రైతు మమ్మల్ని చూసి కత్తెర జేబులో పెట్టుకుని వచ్చాడు. కోప్పడలేదు. మా చేతిలోని పుస్తకం అట్ట చూపించి తల ఊపాడు, అప్పటికే అతనికి ఆ అట్ట తెలుసు. పక్కకి తీసుకెళ్ళి కడుపు ఉబ్బినట్టు ముందుకొచ్చిన గోడ ఒకటి చూపించాడు. పైవరస రాళ్ళ అంచున జనం నడిస్తే వెనకున్న చిన్న రాళ్ళు జారి కిందికి దిగుతాయట, ఒక శీతాకాలం గడిస్తే గోడ కూలుతుందట. మాట్లాడుతూనే ఊడిన రాయి ఒకటి తీసి, వెనక పిడికెడు గులక కుక్కి, అరచేత్తో కొట్టి బిగించాడు. యునెస్కో 2000లో ఈ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని మీ బ్రోచర్ అట్ట మీదే వేశారు. ఆ వారసత్వంలో ఈ గోడలూ ఉన్నాయి. వాటి మీదికి మనుషుల్ని పంపేది మీరే.

చిన్నవి రెండు చెప్పి ముగిస్తాను. ‘అలసిపోతే గంటకో రైలు’ అన్నారు. ఆ లైన్లో రోజువారీ రైళ్ళు 2010తోనే ఆగిపోయాయి, ఇప్పుడు నడిచేది సీజన్లో టూరిస్టుల రైలు. ‘రోజూ భోజనం దొరుకుతుంది’ అని చెప్పిన రైతు వైన్‌శాల మూసి ఉంది. అవి వంతుల వారీగా, కొన్ని వారాలే తెరుస్తారు. తెరిచినప్పుడు వాకిట్లో కొమ్మల గుత్తి వేలాడదీస్తారు. ఈ సంగతి ఒక్క లైన్ రాసి ఉంటే రొట్టె కట్టుకుని వెళ్ళేవాళ్ళం.

నేను కోరేది ఇది. టాక్సీ ఖర్చు మొత్తం, ప్యాకేజీ ధరలో ‘రూట్ బుక్, 24 గంటల సహాయం’ కింద మీ బిల్లులోనే విడిగా చూపించిన మొత్తం ముగ్గురికీ తిరిగి ఇవ్వాలి. అడ్డదారి పేజీని వెంటనే తీసేసి, ప్రస్తుతం అక్కడ నడుస్తున్నవాళ్ళకి ఈ రోజే మెసేజ్ పంపాలి. డబ్బు కొన్నాళ్ళు ఆగొచ్చు గానీ ఇది ఆగదు. పుస్తకాన్ని సరిచేసేటప్పుడు మీ మనిషిని ఒకరిని ఆ దారిలో చివరిదాకా నడిపించండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేదంటే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. టాక్సీ రసీదు, మీ నంబరుకి చేసిన కాల్స్ స్క్రీన్‌షాట్, రూట్ బుక్‌లోని ఆ పేజీల ఫోటోలు, బిల్లు కాపీ జత చేశాను.

ఇట్లు,
భవదీయురాలు
(బుకింగ్ నంబరు ఈమెయిల్ సబ్జెక్టులో ఉంది)